ఫిరంగి కాపలాకు మనుషులు కావాలి, హక్కుకు మాత్రం వద్దు

రెండో ప్రపంచ యుద్ధం అనగానే హిట్లర్, హిరోషిమాలతో మన పాఠం అయిపోతుంది. అదే యుద్ధంలో తమ సముద్రానికి కాపలా కాసిన ఆదివాసుల గురించి మన పుస్తకాల్లో ఉండదు. పోస్టు కొంచెం పొడుగే, చివరిదాకా చదవండి.

ఆస్ట్రేలియా ఉత్తర కొసకూ న్యూ గినియాకూ మధ్య సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున్న టోరెస్ జలసంధి ఉంది. 1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగగానే ఈ దారి కీలకమైంది. 1942 జనవరిలో థర్స్‌డే ద్వీపంలోని పౌరుల్ని ఖాళీ చేయించారు. మార్చి 14న పక్కనే ఉన్న హార్న్ ద్వీపం విమాన స్థావరం మీద బాంబులు పడ్డాయి. పడమటి నుంచి శత్రు ఓడలు రాకుండా గూడ్స్ ద్వీపం మీద ఆరు అంగుళాల ఫిరంగులు రెండు బిగించారు. ఒక్కో గుండు బరువు దాదాపు 45 కిలోలు. ఫిరంగి ఒక్కటే ఉంటే సరిపోదు. కొండ మీద నుంచి ఓడ దూరం కొలిచి చెప్పేవాళ్ళు, గుండ్లు మోసేవాళ్ళు, రాత్రిళ్ళు కాపలా కాసేవాళ్ళు కావాలి.

మరి ఆ నేల ఎవరిది? గూడ్స్ ద్వీపం అసలు పేరు పాలిలాగ్. ఈ చుట్టుపక్కల దీవులన్నీ కౌరారెగ్ ప్రజలవి. యుద్ధానికి 20 ఏళ్ళ ముందే, 1922లో, ప్రభుత్వం వాళ్ళని కిరిరి ద్వీపం నుంచి తుపాకులు చూపించి మోవా ద్వీపానికి తరలించింది.

అయినా యుద్ధం రాగానే మనుషులు అవసరమయ్యారు. జలసంధి దీవుల నుంచి 800 మందికి పైగా సైన్యంలో చేరారు. మొత్తం జనాభాయే సుమారు 4,000! 1943లో వాళ్ళతో టోరెస్ స్ట్రెయిట్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ ఏర్పడింది. తీర ఫిరంగి దళంలో, సైనిక పడవల మీద కూడా దీవుల వాళ్ళు పనిచేశారు.

జీతం ఎంతో తెలుసా? తెల్ల సైనికుడికి ఇచ్చేదాంట్లో దాదాపు మూడో వంతు. యూనిఫాం ఒకటే, ప్రమాదం ఒకటే, జీతం మాత్రం వేరు. 1943 డిసెంబరు చివర్లో వాళ్ళు డ్యూటీకి రామని సమ్మె చేశారు. యుద్ధం నడుస్తుండగా సైనికులు సమ్మె చేయడమంటే చిన్న విషయం కాదు. దాంతో జీతం మూడింట రెండు వంతులకు పెరిగింది. మిగతా బకాయి 1980లలో గానీ అందలేదు. అప్పటికి చాలామంది చనిపోయారు.

జపాన్ సైన్యం ఆ దీవుల్లో దిగలేదు. యుద్ధం ముగిసింది. భూమి హక్కు మాత్రం రాలేదు. 1992 జూన్ 3న, ఇదే జలసంధిలోని మేర్ ద్వీపానికి చెందిన ఎడ్డీ మాబో వేసిన కేసులో, తెల్లవాళ్ళు రాకముందు ఈ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టేసింది. 2001లో కౌరారెగ్ ప్రజలకు హార్న్ సహా కొన్ని దీవుల మీద హక్కు గుర్తించారు.

నాకు అర్థమైంది ఒక్కటే. కాపలాకు పిలిచేటప్పుడు "ఇది మీ నేల" అంటారు. పంచేటప్పుడు కాగితం అడుగుతారు. ప్రాణం పెట్టినంత మాత్రాన హక్కు దానంతటది రాలేదు. బ్యారక్‌లోనైనా కోర్టులోనైనా నిలబడి అడిగాకే వచ్చింది.

ఆ సైనికులకు జోహార్లు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎవరైనా సైన్యంలో పనిచేసి ఉంటే వాళ్ళ కథ అడిగి ఇక్కడ రాయండి.