నిద్ర గురించి 1885లోనే దొరికిన క్లూ

రేపు ఎగ్జామ్ అంటే ఈ రాత్రి నైట్ అవుట్. బీటెక్‌లో నేనూ అదే బ్యాచ్. పడుకుంటే ఆ టైమ్ వేస్ట్ అనుకునేవాళ్లం. నిజంగా వేస్టేనా? దీనికి మొదటి క్లూ 1885లోనే దొరికింది. విచిత్రం ఏంటంటే, దొరికినాయనే దాన్ని నమ్మలేదు.

ఆయన పేరు హెర్మన్ ఎబింగ్‌హాస్, జర్మన్ సైకాలజిస్ట్. ప్రయోగం తన మీద తనే చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల లిస్టులు బట్టీ పట్టేవాడు. కొంత గ్యాప్ ఇచ్చి, అదే లిస్ట్ మళ్లీ నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత టైమ్ కలిసొస్తే అంత గుర్తున్నట్టు లెక్క. 20 నిమిషాల తర్వాత 58 శాతం. దాదాపు 9 గంటల తర్వాత 36. మరి 24 గంటలకి? 34! అంటే ఆ 15 గంటల్లో పోయింది రెండు శాతమే. తర్వాతి రోజు మాత్రం ఇంకో ఆరు శాతం పోయింది.

ఆ 15 గంటల్లో రాత్రి నిద్ర ఉంది కదా? ఆ సంగతి ఆయనకీ తట్టింది. కానీ నిద్ర వల్లే అయినా తేడా ఇంత ఉండదులే, ఎక్కడో పొరపాటు జరిగుంటుందని వదిలేశాడు.

39 ఏళ్ల తర్వాత, 1924లో, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ దీన్ని నేరుగా టెస్ట్ చేశారు. ఇద్దరు స్టూడెంట్లు, పదేసి అర్థం లేని అక్షరాలు. నేర్చుకుని నిద్రపోతే, 8 గంటల తర్వాత సగం దాకా గుర్తున్నాయి. మెలకువగా ఉంటే దాదాపు ఒక్కటే! అయినా వాళ్లు నిద్రకి పెద్ద క్రెడిట్ ఇవ్వలేదు. నిద్రలో కొత్త విషయాలు వచ్చి పడవు కాబట్టి పాతవి చెరిగిపోవు, అంతే అన్నారు.

లోపల ఏం జరుగుతోందో చూడాలంటే మెషీన్ కావాలి. అదే 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు కరెంటుని తల మీద నుంచి రికార్డ్ చేశాడు. అదే ఈఈజీ. నిద్రలోనూ మెదడు ఆఫ్ అవ్వదని దీంతోనే తెలిసింది.

1994లో విల్సన్, మెక్‌నాటన్ ఇంకా లోపలికి వెళ్లారు. ఎలుకల మెదడులో సన్నని ఎలక్ట్రోడ్లు పెట్టారు. తిరుగుతున్నప్పుడు ఏ కణాలు కలిసి పనిచేశాయో, తర్వాత నిద్రలో అవే మళ్లీ కలిసి పనిచేయడం కనిపించింది. మన భాషలో చెప్పాలంటే, రివిజన్!

సో ఫ్రెండ్స్, పుస్తకం మూసి పడుకోవడం అంటే చదువు ఆపేయడం కాదు. అలాగని అసలు చదవకుండా పడుకోకండి. రివిజన్ చేయడానికి సిలబస్ అంటూ ఉండాలి కదా!