వంతెన కూలీల నొప్పి నేర్పిన వైద్యం

ఒమాన్ రాజధాని మస్కట్‌కు ఆగ్నేయంగా, సముద్రాన్ని ఆనుకొని ఉన్న జాలరుల పట్టణం ఖురియాత్. అటువంటి తీరాలలో పుట్టి పెరిగినవారికి నీటి బరువు ఎంతో చెవులే చెబుతాయి. 10 మీటర్ల లోతుకు దిగితే ఒంటిమీద పీడనం రెట్టింపవుతుంది. 20 మీటర్లకు మూడింతలవుతుంది. పూర్వం గల్ఫ్ ముత్యాల వేటగాళ్లు ముక్కు బిగించుకొని, కాలికి రాయి తగిలించుకొని ఒక్క ఊపిరితో దిగి, తాడు పట్టుకొని పైకి వచ్చేవారు. వారు వెంట తీసుకుపోయింది రొమ్ము నిండా పట్టిన గాలి మాత్రమే. లోతులోనే ఊపిరి తీసుకుంటూ గంటల తరబడి పనిచేయడం మొదలైన తరువాత మనిషి ఒక కొత్త వ్యాధిని కొనితెచ్చుకున్నాడు. ఆ వ్యాధి కథే నేటి హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్సకు పూర్వకథ.

1841లో ఫ్రాన్సులో ట్రిగే అనే ఇంజనీరు లోయిర్ నది పక్కన బొగ్గుగని తవ్వుతూ, నీరు లోపలికి రాకుండా సొరంగాన్ని ఒత్తిడి గాలితో నింపాడు. ఉపాయం ఫలించింది. కాని పని ముగించి బయటికి వచ్చిన కూలీలలో కొందరికి కీళ్లలో భరించరాని నొప్పులు పుట్టాయి. తరువాత పెద్ద వంతెనలు కట్టేవారు ఇదే పద్ధతిని అందిపుచ్చుకున్నారు. అడుగు లేని పెట్టెను నది గర్భంలో దింపి, గాలిని కూరి, అందులో కూలీలను దించారు. న్యూయార్కు బ్రూక్లిన్ వంతెన పునాదులలో 110 మందికి చికిత్స అవసరమైందని అక్కడి వైద్యుడు ఆండ్రూ స్మిత్ నమోదు చేశాడు. ఆ పని నడిపిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో అదే జబ్బుతో మంచం పట్టాడు. 1883లో వంతెన పూర్తయ్యేవరకు ఆయన ఆదేశాలను పనివారికి అందించింది భార్య ఎమిలీ. డేవిడ్ మెకల్లో 1972లో రాసిన ‘ది గ్రేట్ బ్రిడ్జ్’ ఈ కథను సవిస్తరంగా చెబుతుంది. నొప్పితో నడుము వంగిన తోటివారిని చూసి కూలీలు ఆనాటి సొగసుకత్తెల వంపు నడకతో పోల్చి నవ్వుకున్నారు. ‘బెండ్స్’ అన్న పేరు ఆ వేళాకోళం నుంచే పుట్టింది.

కారణం తేల్చినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త పాల్ బేర్. 1878లో వెలువడిన ఆయన బృహద్గ్రంథం ‘లా ప్రెస్సియోఁ బారోమెత్రిక్’ ఈ రంగానికి మూలగ్రంథం. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నత్రజని, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే సోడా సీసా మూత తీసినట్టు బుడగలై పొంగుతుందని ఆయన నిరూపించాడు. అదే గ్రంథంలో ఒక హెచ్చరికా ఉంది: ఒత్తిడి మించితే ప్రాణవాయువే విషమై మూర్ఛలు తెప్పిస్తుంది. మందు, దాని ప్రమాదం ఒకే పుస్తకంలో పుట్టడం వైద్య చరిత్రలో అరుదు.

వైద్యాన్ని ఆచరణలో పెట్టినవాడు మాత్రం వైద్యుడు కాదు. హడ్సన్ నది కింద సొరంగం తవ్వే చోట ఏడాదికి నలుగురిలో ఒకరు చొప్పున కూలీలు చనిపోతుంటే, 1890 ప్రాంతంలో ఇంజనీరు ఎర్నెస్ట్ మోయిర్ అక్కడ ఒక ఇనుప గది పెట్టించాడు. జబ్బుపడిన కూలీని అందులో ఉంచి మళ్లీ ఒత్తిడి పెంచి, నిదానంగా తగ్గించేవారు. ఆ తరువాత 15 నెలల్లో, 120 మందిలో చనిపోయినవారు ఇద్దరే.

ఒక జబ్బుకు పనిచేసిన యంత్రాన్ని అన్ని జబ్బులకూ అమ్మజూపేవారు వెంటనే తయారవుతారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలో ఆర్వల్ కనింగ్‌హామ్ అనే వైద్యుడు రోగులను ఒత్తిడి గాలిలో ఉంచి కొందరు కోలుకున్నారని చెప్పాడు. 1928లో ఒక కోటీశ్వరుడి డబ్బుతో క్లీవ్‌లాండ్‌లో 64 అడుగుల వ్యాసంగల ఉక్కు గోళం వెలిసింది. లోపల హోటలు మాదిరి గదులు. మధుమేహం, సిఫిలిస్, క్యాన్సర్ అన్నిటికీ అక్కడ చికిత్స. రుజువులు చూపమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అడిగింది, అవి రాలేదు. 1942లో ఆ గోళాన్ని యుద్ధానికి తుక్కుగా విప్పేశారు.

చికిత్సకు మళ్లీ గౌరవం తెచ్చినవాడు ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుడు ఇటే బూరెమా. 1960లో ఆయన పందుల రక్తాన్ని దాదాపు పూర్తిగా తీసి, బదులు ద్రవం ఎక్కించి, మూడు రెట్ల పీడనంలో ఆక్సిజన్ పీల్పించి బతికించాడు. సూత్రం సరళం. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మి.లీ. రక్తంలో ఎర్రకణాలతో పనిలేకుండా కరిగే ఆక్సిజన్ 0.3 మి.లీ. మాత్రమే, మూడు రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది సుమారు 6 మి.లీ. అవుతుంది. విశ్రాంతిలో ఉన్న దేహానికి దాదాపు అది చాలు.

ఈ చరిత్ర రోగికి ఒక ప్రశ్న నేర్పుతుంది: నా జబ్బులో పీడనం చేసే పని ఏమిటి? గజ ఈతగాడి కీళ్ల నొప్పికి జవాబు బుడగలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటితో పడుకొని స్పృహ తప్పినవాడికి జవాబు కార్బన్ మోనాక్సైడ్: మామూలు గాలిలో దాని మోతాదు సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడితే, అధిక పీడన ఆక్సిజన్‌లో 23 నిమిషాలు చాలు. గ్యాస్ గ్యాంగ్రీన్, రేడియేషన్‌తో దెబ్బతిన్న దవడ ఎముక, మానని కొన్ని మధుమేహ పుండ్లు—వీటికీ జవాబులున్నాయి. ఆటిజం, క్యాన్సర్ వంటివాటికి నయమవుతుందన్న ప్రచారాన్ని నమ్మవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లోనే హెచ్చరించింది.

గదిలోకి వెళ్లేముందు వైద్యుడికి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి: ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన చరిత్ర, చెవి జబ్బులు, మూర్ఛలు, ఇన్సులిన్ వాడకం. చెవులు పోటెత్తితే వెంటనే చెప్పాలి. చూపు కొన్ని వారాలు మసకబారవచ్చు. సెల్‌ఫోను, లైటరు, నూనె రాసిన తల లోపలికి పోకూడదు. ఆక్సిజన్ నిండిన గదిలో నిప్పురవ్వ చాలు. 1997లో ఇటలీలోని మిలాన్‌లో అటువంటి గదిలో రేగిన మంటకు 11 మంది బలయ్యారు.

కూలీలు బాధపడి చెల్లించిన మూల్యంతో నేర్చుకున్న వైద్యమిది. దానిని అవసరమైన చోట ఆపడం అన్యాయం. అవసరం లేని చోట అమ్మడం అంతకంటే అన్యాయం.