విగ్రహము తొలగిన చరిత్ర తొలగునా?

వివాదగ్రస్తమైన విగ్రహమును తొలగించినచో చరిత్రయే నశించునని కొందరు చింతించుచున్నారు. చిరకాలము బడిపిల్లలకు చరిత్ర చెప్పిన నాకు ఈ చింత తెలియకపోలేదు.

మన బొబ్బిలినే పరికింతము. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులచేతను, విజయనగర సైన్యముచేతను కోట కూలెను. అచ్చట స్మారకస్తంభము వెలసినది 1891లో. నడుమ 134 ఏండ్లు ఆ స్తంభము లేకున్నను, జంగముల కథలలో తాండ్ర పాపారాయుడు జీవించియే యుండెను. 2011 మార్చి 10న తెలంగాణోద్యమవేళ హైదరాబాదు ట్యాంకుబండుపై శ్రీకృష్ణదేవరాయలు, అన్నమయ్య మున్నగువారి విగ్రహములు కూల్చబడినవి. అన్నమయ్య కీర్తన ఒక్కటియు మాసిపోలేదు. కావున చరిత్రకు ఆధారము శిల యొక్కటియే కాదు.

అట్లని శిల నిరర్థకమని నేననను. బొబ్బిలి స్తంభము నాటి పోరునే కాక, దానిని నిలిపిన రాజవంశము 1891లో ఆ పోరును ఎట్లు తలచుకొనెనో కూడ చెప్పుచున్నది. ఇట్టి సాక్ష్యము గుంపు సుత్తెదెబ్బకు పోయినచో మరల దొరకదు.

విగ్రహము నిలుపుట గౌరవము. ఆ గౌరవమును ఉపసంహరించుకొను హక్కు ప్రజలకు గలదు. కాని పదిమంది కూర్చుండి పగటివేళ నిర్ణయింపుడు. శాసనమునకు నకలు వ్రాసికొనుడు. శిలను ప్రదర్శనశాలలో భద్రపరుపుడు. తొలగించిన కారణమును కూడ వ్రాసి యుంచుడు. అదియు రేపటివారికి చరిత్రయే.