రంగస్థల శిల్పం పాఠ్యాంశమైన క్రమం: విశ్వవిద్యాలయం, నటన, రంగరూపకల్పన

నాటకం విశ్వవిద్యాలయంలోకి ముందుగా సాహిత్యంగా ప్రవేశించింది. కాళిదాసును సంస్కృత శాఖలోను, షేక్‌స్పియర్‌ను ఆంగ్ల శాఖలోను చదివారు. రసం, సంధులు, పాత్రచిత్రణ పరీక్షాంశాలయ్యాయి. ఆ నాటకాన్ని నిలబెట్టే తెర, దీపం, చెక్క చట్రం, రంగు, నటుని దేహం మాత్రం చాలాకాలం తరగతి గది వెలుపలే ఉండిపోయాయి. ఇవి చేతిపనులనీ, చదువుకు చెందినవి కావనీ ఒక అభిప్రాయం ఇందుకు కారణం. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ అభిప్రాయం క్రమంగా సడలింది. అది ఎట్లా సడలిందో, సడలినప్పుడు ఏ జ్ఞానం లోపలికి వచ్చి ఏది బయట నిలిచిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం చేయని విభజన

భారతీయ నాట్యచింతనలో ఈ విభజన మొదటినుంచీ ఉన్నది కాదు. భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా చెప్పింది. వేషం, అలంకారం, రంగోపకరణాలు ఆహార్యం కిందికి వస్తాయి. అంటే నేటి పరిభాషలో రంగరూపకల్పన అనిపించుకునేది భరతుని దృష్టిలో అభినయానికి అనుబంధం కాదు, అభినయంలోనే ఒక భాగం. ఆహార్యాన్ని మళ్లీ పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని విభజించాడు. కొండలు, రథాలు, విమానాలు వంటి వాటి నమూనాలను తయారుచేయడం పుస్తం. దేహానికి రంగు పూయడం అంగరచన. రంగంపైకి ప్రాణులను ప్రవేశపెట్టడం సజీవం.

రెండవ అధ్యాయం నాట్యమండపాన్ని వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అని ఆకృతిని బట్టి మూడు రకాలుగా వర్గీకరించి, కొలతలతో సహా నిర్మాణవిధిని చెబుతుంది. నాట్యబృందాన్ని వర్ణించే చోట నటులతోపాటు మాలలు కట్టేవాడు, ఆభరణాలు చేసేవాడు, చిత్రకారుడు, బట్టలకు రంగులద్దేవాడు కూడా పేర్కొనబడ్డారు. ఆధునిక విద్యావ్యవస్థ నాటకాన్ని భాషాశాఖకు అప్పగించినప్పుడు ఈ సమగ్రత విడిపోయింది. వాచికం ఒక్కటే చదువుగా మిగిలి, తక్కిన మూడు అభినయాలూ వృత్తిగా మారాయి.

హార్వర్డ్ నుంచి యేల్‌కు

రంగశిల్పాన్ని విశ్వవిద్యాలయం తిరిగి గుర్తించిన తొలి ఘట్టాలు అమెరికాలో కనిపిస్తాయి. అక్కడ నాటకరంగంలో పట్టాను ప్రదానం చేసిన మొదటి పాఠ్యక్రమం 1914లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో థామస్ వుడ్ స్టీవెన్స్ నాయకత్వంలో మొదలైంది. ఈ గుర్తింపు ఒక సాహిత్య శాఖ నుంచి కాక సాంకేతిక విద్యాలయం నుంచి రావడం గమనార్హం. యంత్రాలను, కట్టడాలను చదువుగా అంగీకరించిన చోట తెరను, దీపాన్ని అంగీకరించడానికి పెద్ద అభ్యంతరం ఉండదు.

అభ్యంతరం ఎక్కడ బలంగా ఉండేదో జార్జ్ పియర్స్ బేకర్ చరిత్ర తెలుపుతుంది. హార్వర్డ్‌లో ఆంగ్లం బోధించిన బేకర్ నాటకరచనకు ప్రత్యేకంగా ఒక తరగతి నడిపాడు. ‘ఇంగ్లిష్ 47’ అనే ఆ తరగతి సంఖ్యే దాని పేరుగా చరిత్రలో నిలిచింది. విద్యార్థులు రాసిన నాటకం ప్రేక్షకుల ముందు ఎట్లా నిలుస్తుందో చూడనిదే రచన పూర్తికాదని గ్రహించి, దానికి అనుబంధంగా ‘47 వర్క్‌షాప్’ అనే ప్రయోగశాలను ఏర్పరిచాడు. 1914–15లో యూజీన్ ఓనీల్ ఈ తరగతిలో చదివాడు. థామస్ వుల్ఫ్, సిడ్నీ హోవర్డ్, ఫిలిప్ బారీ కూడా బేకర్ శిష్యులే.

ఇంత ఫలితం చూపినా హార్వర్డ్ నాటకరంగాన్ని పట్టాకు అర్హమైన విషయంగా అంగీకరించలేదు, దానికొక రంగశాలనూ కట్టించలేదు. 1925లో బేకర్ యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ ఇచ్చిన పది లక్షల డాలర్ల విరాళంతో అక్కడ నాటక విభాగం ఏర్పడింది. దాని రంగశాల 1926లో ప్రారంభమైంది. నాటకరచన తరగతి మెట్టుగా మొదలైన ప్రయత్నం ఒక భవనంగా, ఆ భవనంలో దృశ్యరచన, దీపయోజన, వస్త్రరచన, నటన ప్రతిదానికీ ఒక ఆచార్యుడిగా విస్తరించింది. రచయితను తయారుచేయడానికి బయలుదేరిన బేకర్ చివరకు వడ్రంగికీ, దీపకారునికీ విశ్వవిద్యాలయంలో స్థానం కల్పించాడు. బ్రిటన్‌లో ఇటువంటి ప్రత్యేక శాఖ మొదటిసారి ఏర్పడినది 1947లో, బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో.

దీపయోజన ఒక పద్ధతి అయిన తీరు

చేతిపని చదువుగా మారడానికి ఏం కావాలో యేల్‌లోని స్టాన్లీ మెక్‌కాండ్లెస్ కృషి స్పష్టం చేస్తుంది. వాస్తుశిల్పం చదివి వచ్చిన మెక్‌కాండ్లెస్ రంగోద్దీపనాన్ని క్రమబద్ధమైన పాఠ్యాంశంగా తీర్చిదిద్దాడు. 1932లో వెలువడిన ఆయన గ్రంథం ‘రంగస్థలాన్ని వెలిగించే ఒక పద్ధతి’ అనే అర్థం వచ్చే శీర్షికతోనే తన స్వభావాన్ని ప్రకటించుకుంది.

ఆయన చెప్పిన విధానం సరళమైనది. నటులు సంచరించే చోటును చిన్న చిన్న భాగాలుగా విభజించాలి. ప్రతి భాగానికి ఎదురుగా, రెండు పక్కలనుంచి, ఇంచుమించు 45 డిగ్రీల కోణంలో పైనుంచి రెండు దీపాలు పడాలి. వాటిలో ఒకటి వెచ్చని వర్ణం, మరొకటి చల్లని వర్ణం. అప్పుడు ముఖం ఒక పక్క వెలుగుగా, మరొక పక్క నీడగా ఉండి, బల్లపరుపుగా కనిపించక ఆకృతిని పొందుతుంది. కనిపించడం, స్థలకాలాలను స్ఫురింపజేయడం, దృశ్యాన్ని కూర్చడం, భావాన్ని కలిగించడం అనే నాలుగూ దీపయోజన చేయవలసిన పనులు.

దీపాన్ని ఎక్కడ పెడితే బాగుంటుందో అంతకుముందు అనుభవజ్ఞుని కంటికి మాత్రమే తెలుసు. మెక్‌కాండ్లెస్ దానిని కోణంగా, సంఖ్యగా, పటంగా మార్చాడు. పటంగా మారినది బోధించదగినది, పరీక్షించదగినది, మరొక ఊళ్లో మరొకరు తిరిగి చేయదగినది అవుతుంది. ఆయన శిష్యురాలు జీన్ రోజెంతాల్ అమెరికాలో దీపయోజనను ఒక స్వతంత్ర వృత్తిగా నిలబెట్టినవారిలో అగ్రగణ్య. దృశ్యరచనలో ఇటువంటి పాత్రనే యేల్‌లో దశాబ్దాలపాటు బోధించిన డోనాల్డ్ ఓయెన్‌స్లాగర్ నిర్వహించాడు. అక్కడ చిత్రలేఖనమూ, నమూనా నిర్మాణమూ ఆ జ్ఞానానికి లిపి అయ్యాయి.

ఈ పరిణామం నుంచి ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. విశ్వవిద్యాలయం రంగశిల్పాలన్నింటినీ ఒకేసారి, ఒకే తీరున స్వీకరించలేదు. లిపిబద్ధం కాగలిగినవి సులువుగా చేరాయి. దేహం నుంచి దేహానికి మాత్రమే అందే నటన ఆలస్యంగా, అనుమానాలతో చేరింది. నటనలో మార్కులు దేనికి వేయాలన్న ప్రశ్న ఈనాటికీ ప్రతి రంగస్థల శాఖనూ వెంటాడుతూనే ఉంది.

భారతదేశంలో: పాఠశాలా, విశ్వవిద్యాలయమా?

స్వతంత్ర భారతంలో బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయం సంగీత నృత్యాలతోపాటు నాటకాన్నీ పట్టా చదువుగా స్వీకరించిన తొలితరం సంస్థలలో ఒకటి. 1959లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయాన్ని స్థాపించింది. 1962 నుంచి 1977 వరకు దాని సంచాలకుడుగా ఉన్న ఇబ్రహీం అల్కాజీ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో శిక్షణ పొందినవాడు, స్వయంగా చిత్రకారుడు. ఆయన హయాంలో రంగరూపకల్పన నటనతో సమాన ప్రతిపత్తిని పొందింది. రంగస్థలాన్ని శుభ్రం చేయడంతో మొదలుకొని ప్రతి పనీ విద్యార్థి బాధ్యతే అయింది. ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల నడుమ ‘అంధా యుగ్’ను, పురానా కిలాలో ‘తుగ్లక్’ను ప్రదర్శించినప్పుడు స్థలమే దృశ్యరచనగా మారింది. తెరలు దించి ఎత్తే నాటకానికి అలవాటుపడిన కంటికి అదొక కొత్త పాఠం.

ఈ విద్యాలయం 1975లో స్వయంప్రతిపత్తి గల సంస్థ అయింది. 2005లో దానికి విశ్వవిద్యాలయ సమాన ప్రతిపత్తి లభించింది. ఆ ప్రతిపత్తిని తొలగించమని విద్యాలయమే కోరగా 2011లో అది రద్దయింది. విశ్వవిద్యాలయ హోదా కోసం ఎన్నో సంస్థలు ప్రయత్నించే దేశంలో ఈ ఘటన ఆలోచింపజేస్తుంది. రంగస్థల శిక్షణకు రాత్రింబవళ్ల అభ్యాసం, వృత్తికళాకారుడే గురువుగా ఉండే వెసులుబాటు, ప్రదర్శనే పరీక్షగా ఉండే విధానం అవసరం. పట్టాలు, పరిశోధనోపాధులు, బోధకుని అర్హతల నియమాలు వీటితో అన్నివేళలా పొసగవు. హార్వర్డ్‌లో బేకర్ ఎదుర్కొన్న ప్రశ్నే ఇక్కడ తలకిందులుగా తిరిగి వచ్చింది. అక్కడ నాటకరంగం తగదని విశ్వవిద్యాలయం అన్నది, ఇక్కడ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి తనకు వద్దని నాటకరంగం అన్నది.

తెలుగు నేల: రెండు బడులు

తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకూ విద్యాలయానికీ అనుబంధం ఆదినుంచీ ఉంది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం నాటకం ఆడించినప్పుడు నటులు ఆయన విద్యార్థులే. అయితే అది సంఘసంస్కరణకు సాధనమైన నాటకం. రంగశిల్పాన్ని నేర్పడం దాని ఉద్దేశం కాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి విద్యార్థి నాటకాన్ని విశేషంగా ప్రోత్సహించాడు. కాలక్రమంలో అక్కడ రంగస్థల కళల శాఖ ఏర్పడింది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సరోజినీ నాయుడు కళావిభాగం ఈ చదువును స్నాతకోత్తర స్థాయికి తీసుకువెళ్లాయి.

వీటన్నింటికంటే ముందే తెలుగు నేలపై మరొక బడి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి నాటక పరంపరకు పాఠ్యక్రమం లేదు, పట్టా లేదు. సమాజంలో పుట్టిన శిశువు ఒళ్లో బిడ్డగా రంగప్రవేశం చేసి, బాలపాత్రలు వేస్తూ, తెర లాగుతూ, రంగు పూసుకోవడం నేర్చుకుంటూ పెద్దదవుతుంది. ‘మాయాబజార్’లో రాక్షసమాయలు, ఆకాశగమనం, యుద్ధంలో నిప్పులు చిమ్మే బాణాలు, చిత్రించిన తెరలు ఇవన్నీ ఒక తరం చేతి నుంచి మరొక తరం చేతికి అందినవి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించడం సురభిలో తొలినాళ్లలోనే స్థిరపడింది. నటుడే వడ్రంగి, నటియే వేషకారిణి. భరతుడు చెప్పిన సమగ్రతను శాస్త్రం చదవకుండానే ఆచరించిన కుటుంబాలివి.

ఈ రెండు బడులూ హైదరాబాదులో ఒకే శేరిలింగంపల్లి ప్రాంతంలో ఉన్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమూ, సురభి కళాకారుల కాలనీ ఒకదానికొకటి దూరం కావు. అయినా వాటి మధ్య ఉన్న అంతరం మైళ్లతో కొలిచేది కాదు. ఒకచోట దీపయోజన పటంగా ఉంటుంది, మరొకచోట వేళ్లలో ఉంటుంది. తీగమీద పాత్రను ఎగురవేసే మనిషి తాడును ఎప్పుడు ఎంత వదలాలో పాట నడకను బట్టి నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయం ఏ గ్రంథంలోనూ లేదు. అతని తరువాత ఆ తాడు పట్టేవారు లేకపోతే ఆ జ్ఞానం కూడా లేదు.

ఈ అంతరాన్ని దాటడం సాధ్యమేనని చూపిన ప్రయత్నాలు లేకపోలేదు. జాతీయ నాటక విద్యాలయంలో చదివి, దానికి సంచాలకుడుగానూ పనిచేసిన బి.వి. కారంత్ సురభి కళాకారులతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకాలను రూపొందించాడు. వీటిలో చివరిది బ్రెహ్ట్ నాటకానికి అనుసరణ. తెరల పౌరాణికానికి అలవాటుపడిన దేహాలు మరొక నాటకభాషను పలికాయి, శిక్షితుడైన ప్రయోక్త పరంపర నుంచి సంగీతాన్ని, వేగాన్ని అందుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా జరిగింది.

ముగింపు

మెక్‌కాండ్లెస్ పటం గీసే వరకు అమెరికాలోనూ దీపయోజన వేళ్లలోని విద్యే. దానిని చదువుగా మార్చినది విషయంలోని గొప్పదనం కన్నా, రంగస్థలం మీద నిలబడి చూసి రాసుకున్న ఒక ఆచార్యుని శ్రద్ధ. సురభి తెర, తాడు, మాయ ఆ శ్రద్ధకు అర్హమైనవి. పుస్తం, అంగరచన అన్న మాటలను పరీక్షకోసం నేర్చే విద్యార్థికి వాటి అర్థం చూపగల చేతులు ఇంకా ఉన్నాయి. ఆ చేతులు గలవారు పట్టా లేని కారణంగా అతిథులుగా మాత్రమే తరగతి గదికి వస్తే, బేకర్ ముందు మూసుకున్న తలుపే ఇక్కడ మరొకరి ముందు మూసుకున్నట్టవుతుంది. తెలుగు విశ్వవిద్యాలయాలలో రంగస్థల విద్య తన చరిత్రను తాను రాసుకునేటప్పుడు 1885లో మొదలైన బడిని పూర్వరంగంగా కాక మొదటి అధ్యాయంగా చేర్చుకోవడం న్యాయం.