తునికాకు - సర్కారు అడవి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడలలో చేటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలను మనమందరము ఎరుగుదుము. వారి చేతిలోనిది తునికాకు. ఆకు అడవిది, అడవి సర్కారుది. అడవి సర్కారుది ఎట్లయినదో నేడు కొంత విచారింతము.

ఆంగ్ల ప్రభుత్వము 1864లో మన దేశమున అటవీశాఖను నెలకొల్పి, జర్మను శాస్త్రజ్ఞుడగు బ్రాండిస్‌ను దానికి అధిపతిగా నియమించెను. 1878 నాటి చట్టము అడవులను రిజర్వు చేయు అధికారమును ఆ శాఖకు దృఢపరచెను. ఈ విద్య సముద్రములు దాటినది. అమెరికా యువకుడు గిఫర్డ్ పించో 1889లో ఐరోపాకు పోయి, ఆ బ్రాండిస్ సలహాతోనే అటవీశాస్త్రము నభ్యసించెను. 1905లో తన దేశపు అటవీ సర్వీసుకు తొలి అధిపతి ఆయెను. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు రాష్ట్రముల గవర్నర్లను శ్వేతసౌధమునకు పిలిపించి ప్రకృతిసంపద రక్షణను చర్చింపజేసెను. అడవిని తాళమువేసి దాచుట కాదు, తరతరముల కక్కరకు వచ్చునట్లు వాడుకొనుట పించో మతము.

మంచి మాటయే. కాని ఎవరి అక్కరకు? అమెరికాలో ఆదివాసుల నేలలెన్నో జాతీయారణ్యములలో కలిసిపోయెను. మనకు గోదావరి ఆవలి యొడ్డున, నైజాము ఏలుబడిలో, అడవిపై హక్కు కోరిన గోండు వీరుడు కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణమర్పించెను.

తునికాకు కథ ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణము. మాఘ ఫాల్గుణములలో పొదను కొట్టనిదే వేసవిలో లేత ఆకు రాదు. ఎండలో ఆకు కోసి, ఏబది ఆకుల కట్ట కట్టి, కల్లమునకు చేర్చువారు పేదలు. నడుమ వ్యాపారి వారిని దోచుకొనకుండునట్లు 1971లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసి, ఇట్టి చిల్లర అటవీఫలసాయపు వ్యాపారమును తన చేతిలోనికి తీసికొనెను. ధర నిర్ణయించుట సర్కారు వంతు, కోయుట కూలి వంతు ఆయెను. 2006 నాటి కేంద్ర అటవీ హక్కుల చట్టము ఒక మెట్టు ముందుకు పోయి, తరతరములుగా అడవి నాశ్రయించి బ్రతుకువారికి ఈ ఫలసాయముపై యాజమాన్యపు హక్కే ఇచ్చెను. అందు తునికాకు పేరు స్పష్టముగా కలదు.

కావలి లేనిదే అడవి మిగులదనుట నిజము. కావలివాడొక్కడే యజమాని యైనచో, పొదను పెంచి ఆకు కోసిన చేయి పరాయి దగును. కాగితముపై వచ్చిన హక్కు కల్లము దాక వచ్చిననాడే ఆ చేయి అడవికి నిజమైన కావలి కాగలదని మా విశ్వాసము.