తాయెత్తు

తాయెత్తు అచ్చ తెలుగు మాటలాగే వినిపిస్తుంది. ‘కట్టు’ పక్కన ఇంత చక్కగా ఒదిగింది పరాయి మాటంటే నమ్మబుద్ధి కాదు. కానీ దీని మూలం అరబ్బీ ‘తఅవీజ్’. ఉర్దూలో తావీజ్, మరాఠీలో తాయీత్, తమిళంలో తాయత్తు. ధాతువుకు అర్థం శరణు వేడడం. ఖురాన్‌లో చివరి రెండు అధ్యాయాలు, 113, 114, కీడు నుంచి దేవుడి శరణు కోరేవే. వాటి జంట పేరు ‘ముఅవ్విజతైన్’ కూడా ఈ ధాతువులోంచే పుట్టింది. అంటే మాట ప్రకారం అది నోటితో, మనసుతో చేసే పని. అదే కాగితం మీదికెక్కి, రాగి గొట్టంలో దూరి, మొలతాడుకు చేరింది.

పేచీ అక్కడే. తాయెత్తు కట్టుకోవడం షిర్క్ అని, అంటే దేవుడికి భాగస్వామిని కల్పించడమేనని హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలుగా చెప్పుకునేవాటిలో, గట్టి హెచ్చరిక ఉంది. ఖురాన్ వాక్యాలు రాసినవైతే ఫరవాలేదన్న పండితులూ ఉన్నారు, అవీ కూడదన్నవారూ ఉన్నారు. ధాతువును బట్టి చూస్తే నాకు రెండో పక్షమే సబబనిపిస్తుంది. శరణన్నాక మళ్లీ గొట్టమెందుకు?

మన ఊళ్లలో ఈ తగవు పెద్దగా ఎవరికీ పట్టలేదు. దర్గాలోనూ కడతారు, ఆంజనేయస్వామి గుడిలోనూ కడతారు. రెండుచోట్లా పిలిచేది తాయెత్తనే.