చోరకథలయందలి నవ్వు

నా బాల్యమున మా గురువుగారు మృచ్ఛకటికమున తృతీయాంకము పాఠము చెప్పు దినములలో వీధియరుగుపై నలుగురు పెద్దలు చేరి వినుచుండెడివారు. వేదాంతపాఠమునకు రానివారును దొంగపాఠమునకు వచ్చెడివారు. పరధనము పాపమని పిల్లలకు బోధించు వారే దొంగకథ విని కడుపుబ్బ నవ్వనేల? ముప్పదియైదేండ్లు బడిపంతులునై యుండి, ఉద్యోగము విరమించిన పిదప నేటికిని నేనీ ప్రశ్నను విడువలేదు.

శూద్రకుని శర్విలకుడు బ్రాహ్మణుడు, చదువుకొన్నవాడు, దొంగ. చారుదత్తుని గోడ కడ నిలిచి, కన్నమునకు ఏ యాకారము తగునని పండితునివలె విచారించును. వికసించిన పద్మమా, సూర్యబింబమా, నెలవంకయా, స్వస్తికమా? కాల్చిన యిటుకగోడ గనుక పూర్ణకుంభమే శోభించునని నిశ్చయించును. కొలత్రాడు మరచివచ్చెను గాన జందెముతోనే కొలుచును. వ్రేలిని పాము కరవగా ఆ జందెముతోనే కట్టు కట్టును. తెల్లవారి లేచిన చారుదత్తుడో, కన్నపు సొగసును మెచ్చుకొని, ఇంత శ్రమపడిన దొంగ ఈ దరిద్రుని యింటినుండి వట్టి చేతులతో పోయెనే యని నొచ్చుకొనును! పోయినది వసంతసేన దాచుకొనిన నగలపెట్టె యని యెరిగినంతనే మూర్ఛపోవును. బీదవాని మాట లోకము నమ్మునా? అరుగుమీది నవ్వు అచ్చటనే ఆగిపోయెడిది. మా గురువుగారును క్షణకాలము పుస్తకము మూసెడివారు.

క్రీస్తుశకము 7వ శతాబ్దప్రాంతమువాడైన దండి దశకుమారచరితమున ఈ హాస్యమును మఱింత చేదుగా కలిపెను. అందు అపహారవర్మ రాజకుమారుడు. చంపానగరము చేరి, అచ్చటి ధనవంతులు లోభులని యెరిగి, సంపద నిలువదని వారికి బోధింపదలచి దొంగతనమునకు పూనుకొనును. వైరాగ్యము గరపుటకు ఇంతకంటె సులభోపాయము మఱియొకటి లేదు గదా! పాముపడగవంటి గునపము, పటకారు, బొమ్మతల, కొలత్రాడు, దీపమార్పుటకు తుమ్మెదల భరిణె మొదలగు పరికరములు గైకొని బయలుదేరును.

ఆ నగరమున కామమంజరి యను వేశ్య విరూపకుడను వర్తకుని సర్వస్వమును హరింపగా, అతడు క్షపణకుడై చెట్టుక్రింద కూర్చుండి యేడ్చుచుండెను. తానిచ్చినదే గనుక ఏ న్యాయస్థానమునను అతనికి దారి లేదు. అపహారవర్మ ఒక తోలుతిత్తిని సంపాదించి, అది తరుగని ధనమిచ్చు తిత్తియని పుకారు పుట్టించెను. అయితే ఒక నియమము. అన్యాయముగా గైకొన్నది సొంతదారులకు మరల నిచ్చి, తక్కినది దానము చేసినవారికే అది ఫలించును! ఆశకు లోబడి కామమంజరి విరూపకుని ధనము విరూపకునకు ఇచ్చివేసినది. ధర్మాసనము చేయలేని తీర్పును అబద్ధపు తిత్తి చేసినది. కథ వినువాడు నవ్వుచు దొంగపక్షము చేరుట ఇచ్చటనే యని నా తలంపు.

ఐనను దండి మనలను అచ్చట నిలువనీయడు. అదే అపహారవర్మ చెరసాలయధికారి కాంతకునితో చెలిమి నటించి, రాచకన్య అంతఃపురమునకు సొరంగము త్రవ్వి, వానిని చంపివేయును. చంపినవాడే ఆ కథను మిత్రులకు అదే తేలికమాటలతో చెప్పుకొనును. ఎన్నిమార్లు చదివినను నాకిచ్చట నవ్వు రాదు.

ఈ గ్రంథమును 13వ శతాబ్దమున తెనిగించి తిక్కనకు అంకితమిచ్చినవాడు కేతన. అభినవదండి యని పేరొందెను. ఇతడే మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుపద్యములలోనికి దెచ్చెను. చోరునికి దండన విధించిన చేయియు, చోరుని చాతుర్యము వర్ణించిన చేయియు ఒక్కటే! ఇందు నాకు వైరుధ్యము తోపదు. శాస్త్రమునకు అందని యన్యాయమెంత యున్నదో శాస్త్రము వ్రాసినవానికే బాగుగా తెలియును.

కథలోని దొంగ విప్రుడు, రాజకుమారుడు. నేలమీది సంగతి వేరు. 1871లో దొరలు చేసిన నేరజాతుల చట్టము 1911లో మన మద్రాసు రాజధానికిని వచ్చినది. పుట్టుకచేతనే మనుష్యుని దొంగగా నిర్ణయించి, ఎరుకల మొదలగు వారిని బాపట్లకడ స్టూవర్టుపురమువంటి నివేశనములలో కావలియందుంచిరి. కావ్యము చదివి శర్విలకుని మెచ్చుకొనినవారిలో ఎందరు దీనికి నొచ్చుకొనిరి? చట్టము 1952లో రద్దయ్యెను గాని అలవాటు రద్దు కాలేదు.

నాకు పదేండ్లప్పుడు మా యింటనే కన్నము పడినది. రెండు ఇత్తడి బిందెలు, మా యమ్మ పట్టుచీర పోయినవి. తెల్లవారకమునుపే ఊరి వెలుపలి గుడిసెలలోని యొకనిని తీసికొనివచ్చి మా యరుగుకడ నిలువబెట్టిరి. సాక్ష్యము లేదు, అతని కులమే సాక్ష్యము. బిందెలు అతనికడ దొరకలేదు. శర్విలకుని పాఠమునకు నవ్విన పెద్దలే ఆనాడు అదే యరుగుపై కూర్చుండి అతనిని ప్రశ్నించిరి. ఒక్కరికిని నవ్వు రాలేదు. మా తండ్రిగారు వదలివేయుడని చెప్పి, లోనికి వచ్చి, మన్ను తడిపి కన్నము పూడ్చిరి. అది యే యాకారమున నుండెనో చూచుటకు నాకు తోచనే లేదు.